ఉగాది రోజ్ మిల్కూ, ఆరు చిన్న సీసాలూ

ఈ ఉగాదికి నేను చేసిన రోజ్ మిల్క్ తాగి మా వీధిలో ఆరుగురం ఆస్పత్రికి పోయాం. ‘పోయారు’ కాదు, మీరు సరిగ్గానే విన్నారు, ‘పోయాం’. ఆ ఆరుగురిలో నేనూ ఉన్నా. ఎవరికీ ఏం కాలేదు, కంగారు పడకండి, టీ తాగండి. నాకు మాత్రం... ఉండండి, మొదట్నించీ చెప్తా.

మీకు తెలుసుగా, నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో హిందీ చెప్తా. మా ఆయన మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. మా పాప టెన్త్ పరీక్షలని పండక్కి కూడా హాస్టల్లోనే ఉంది. ఇంట్లో ఉండేది మేమిద్దరం, మా అత్తయ్య. ఆమెకి డెబ్బై దాటినయ్. మనిషి సన్నంగా ఉంటది గానీ నోరు గట్టిది. నేను కాపరానికి వచ్చి పద్దెనిమిదేళ్ళయింది, ఒక్క రోజు కూడా ‘బాగుందే’ అన్న మాట ఆమె నోటెంట వినలా. మహా అయితే, ‘తినొచ్చు’ అంటది. ‘తినొచ్చు’ అన్న రోజు నేను స్కూల్లో పిల్లల్ని తిట్టను, అంత సంతోషం నాకు.

మా వీధిలో ప్రతి ఉగాదికీ సాయంత్రం షామియానా వేసి పంచాంగ శ్రవణం పెట్టిస్తాం. పచ్చడి, ఏదో ఒక తీపి, తాగటానికి చల్లగా ఏదో ఒకటి. ఇదంతా చూసేది మా పక్కింటి కోటేశ్వరమ్మ పిన్ని. ఈసారి మిర్చికి రేటు లేదు కదా, పిన్ని చందాలకి పోతే చానామంది గేటు దాకా కూడా రాకుండా లోపల్నించే మాట్లాడారంట. మొహం వేలాడేసుకుని మా ఇంటికొచ్చింది.

“ఈసారికి పచ్చడి పెట్టి, తలా గ్లాసు మజ్జిగ పోసి పంపిద్దామే శారదా. ఏం చేస్తాం!”

“వెనక వీధి వాళ్ళు బాదం మిల్క్ చెప్పారంట కదా పిన్నీ?”

“వాళ్ళకేందే, వాళ్ళ వీధిలో ముగ్గురు డాక్టర్లున్నారు.”

నాకు రోషం వచ్చింది. వద్దన్నా వచ్చిద్ది నాకు, అదొక జబ్బు. “నాకు వదిలెయ్ పిన్నీ. ఉన్న దాంట్లోనే తీపీ చేస్తా, డ్రింకూ చేస్తా. వెనక వీధి వాళ్ళే వచ్చి అడిగేట్టు చేస్తా” అన్నా. పిన్ని నా రెండు చేతులూ పట్టుకుంది. “నీకు పొదుపు తెలుసే, నీ చేతిలో పెడితే నాకు దిగులు లేదు” అని చందా డబ్బుల కవరు ఇచ్చి పోయింది. కవరు చానా తేలిగ్గా ఉంది.

పండగ ముందు రోజు రైతు బజారుకి పోయా. జనమంతా మామిడికాయల దగ్గర, వేపపువ్వు దగ్గర పడి కొట్టుకుంటున్నారు. ఒక మూల ఒక పెద్దాయన బీట్‌రూట్ గుట్ట పోసుకుని దిగాలుగా కూర్చుని ఉన్నాడు. పండగ పూట బీట్‌రూట్ ఎవరు కొంటారు? “ఏందమ్మా, మొత్తం తీసుకుపోతావా, ఎంతోకొంత ఇయ్యి, ఊరికి పోవాలి” అన్నాడు. ఆ మాట వినగానే నా బుర్రలో బల్బు వెలిగింది. ఫోన్లో ఎప్పుడో చూశా, సిరప్ లేకుండా బీట్‌రూట్‌తో రోజ్ మిల్క్! సంచీ నిండా తెచ్చా. ఆటో ఖర్చు దండగని మోసుకుంటూ నడిచే వచ్చా. భుజం ఇంకా నొప్పే.

పండగ రోజు పొద్దున్నే పచ్చడీ బొబ్బట్లూ అయిపోంగానే మొదలుపెట్టా. పాలు ఎన్ని కొన్నానో అడగొద్దు. ఆ పాలు నలభై మందికి సరిపోవాలంటే నీళ్ళు పోయాలి, నీళ్ళు పోస్తే పల్చబడిద్ది, పల్చబడితే కార్న్‌ఫ్లోర్ కలిపి మరగబెట్టాలి. అంతే, చిక్కటి పాలు! చల్లారబెట్టి, బీట్‌రూట్ మిక్సీ పట్టి రసం పిండి పోశా. వేడి పాలల్లో పోస్తే రంగు ఇటుక రంగుకి తిరిగిద్ది, చల్లగా పోస్తేనే గులాబీ రంగు. నాలుగు చుక్కలు రోజ్ ఎసెన్స్, యాలకుల పొడి, నానబెట్టిన సబ్జా గింజలు. చూడటానికి ఎట్టా ఉందనుకున్నారు? పెళ్ళిళ్ళలో పోస్తారే, అచ్చం అట్టానే!

ఇంక పిప్పి మిగిలింది, పెద్ద బేసిన్ నిండా. పారేస్తానా నేను? బొంబాయి రవ్వ వేయించి, బెల్లం పోసి, డాల్డాలో పిప్పి మగ్గబెట్టి హల్వా చేశా. పైన నెయ్యి ఒక్క స్పూను, వాసన కోసం.

ఆ మధ్యలో మా ఆయన మంచినీళ్ళకని వంటింట్లోకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. గట్టు మీద, గోడ మీద, నా చేతులకి, మొహానికి, అంతా ఎర్రగా ఉంది.

“ఏందే, పండగ పూట యాటను కోశావా?”

“మాట్లాడకుండా ఆ గోడ తుడవండి.”

“ఏందిది?”

“బీట్‌రూట్. ఎవరికన్నా చెప్పారంటే చూడండి!”

ఎందుకు చెప్పొద్దన్నానంటే, మా ఎదురింట్లో వీరాంజనేయులు బాబాయ్ ఉన్నాడు. సున్నపురాయి లారీలు రెండున్నాయి ఆయనకి. ఆయనకి బీట్‌రూట్ అంటే పడదు. ‘అది మనుషులు తినేది కాదమ్మాయ్, గొడ్లకేసేది’ అంటాడు. ఆయన ఒక్క మాటంటే వీధిలో మగాళ్ళెవరూ ముట్టుకోరు. అందుకని మొదట ఊరికే ఏం చెప్పకుండా ఉందామనుకున్నా. అబద్ధం చెప్పాలని కాదు. అది దానంతటదే వచ్చింది.

సాయంత్రం షామియానాలో పంతులుగారు పంచాంగం తెరిచారు. రాశి రాశికీ ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం చదువుతున్నారు. మా అత్తయ్యదీ నాదీ కర్కాటకమే. ‘ఒకే రాశి కాబట్టే నీకూ నాకూ పడదు’ అంటది ఆమె. కర్కాటకం వచ్చేసరికి పంతులుగారు కళ్ళజోడు సర్దుకుని, “ఆరోగ్య విషయంలో జాగ్రత్త అవసరం. ముఖ్యంగా రక్తానికి సంబంధించి” అన్నారు. అత్తయ్య నా వంక చూసింది.

తరవాత పచ్చడి పెట్టాం, హల్వా పెట్టాం, గ్లాసులందించాం. మొదటి గ్లాసు కోటేశ్వరమ్మ పిన్నిది. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది.

“ఏ కంపెనీ సిరప్పే ఇది? ఇంత కమ్మగా ఉంది!”

“సిరప్పేంది పిన్నీ” అని ఆగితే సరిపోయేది. ఆగలా! “నాటు గులాబీలు. మా అమ్మ పంపింది ఊర్నించి. రేకులు రాత్రంతా నానబెట్టి తీసిన రసం” అన్నా.

“అందుకేనా నీ చేతులు అంత ఎర్రగున్నయ్?”

“అది గోరింటాకు పిన్నీ.”

రెండు నిమిషాల్లో రెండు అబద్ధాలు, కొత్త సంవత్సరం మొదటి రోజున! పిన్ని ఊరుకుందా? షామియానా అంతా తిరిగి చెప్పింది, ‘నాటు గులాబీలంట, శారద వాళ్ళమ్మ పంపిందంట’ అని. వీరాంజనేయులు బాబాయ్ మీసాలకంటిన నురగ తుడుచుకుని నాలుగో గ్లాసు తీసుకున్నాడు. “ఇదీ తాగేదంటే! ఒంటికి చలవ” అన్నాడు. పంతులుగారు రెండు తాగి, హల్వా పొట్లం కట్టించుకున్నారు. మా పై పోర్షన్లో కొత్తగా దిగిన మొగుడూపెళ్ళాలు వాళ్ళ ఫోన్లలో గ్లాసులకి ఫొటోలు తీసుకున్నారు. మా అత్తయ్య ఒక గ్లాసు తాగి, రెండోది అడిగింది. అడగటం! ‘తినొచ్చు’ కూడా కాదు, ఏకంగా అడిగింది. గిన్నె అడుగున మిగిలింది పారబోయటానికి మనసొప్పక నేను తాగా. హల్వా అడుగంటింది కూడా గీక్కుని తిన్నా. ఎంత హాయిగా నిద్ర పట్టిందో ఆ రోజు.

పొద్దున ఆరింటికి బాత్‌రూమ్‌కి పోయా.

ఇంక వివరంగా చెప్పను, మీరు టీ తాగుతున్నారు. ఎర్రగా! ఎర్రగా అంటే అట్టా ఇట్టా కాదు. గోడ పట్టుకుని నిలబడ్డా. బీట్‌రూట్ సంగతి నాకు గుర్తొచ్చిందనుకుంటున్నారా? ఒట్టు, రాలేదు! మనం బీట్‌రూట్ కూర నాలుగు ముక్కలు తింటాం, అంతే కదా, ఇట్టా కూడా అయిద్దని నాకేం తెలుసు? నాకు గుర్తొచ్చింది పంతులుగారి గొంతు. ‘ముఖ్యంగా రక్తానికి సంబంధించి.’ ఆ తరవాత మా ఊరి ఉప్పు నీళ్ళు, వాటితో కిడ్నీలో పడే రాళ్ళు, పాప పరీక్షలు, ఏడో తరగతికి సగంలో ఆగిన పాఠం, అన్నీ ఒకదాని తరవాత ఒకటి తిరిగినయ్. మా ఆయనకి ఇంకో ఆడది వంట చేసిపెడతా, డాల్డా బదులు అంతా నెయ్యే పోస్తా, డబ్బు తగలేస్తా ఉన్నట్టు కూడా కనిపించింది.

ఆయనకి చెప్పలా. “పేపర్లు దిద్దాలి, స్కూలుకి తొందరగా పోవాలి” అన్నా. అత్తయ్య గదిలోనించి ఇంకా బయటికి రాలా. “కాఫీ ఇమ్మంటారా అత్తయ్యా?” అంటే “వద్దు” అంది లోపల్నించే. ఆమె కాఫీ వద్దనటం నేనెప్పుడూ ఎరగను. ఇంకో రోజైతే తలుపు తీసి చూసేదాన్ని. ఆ రోజు నా గోల నాది.

మా వీధి మొత్తానికీ ఒక్కటే డాక్టరమ్మ, సందు చివర చిన్న ఆస్పత్రి. ఎనిమిదింటికి పోయేసరికి బెంచీ చివర, కొంగు తల మీదనించి కప్పుకుని కోటేశ్వరమ్మ పిన్ని!

“ఏంది పిన్నీ, ఇట్టా వచ్చావ్?”

“మోకాలే. నొప్పి.” నా వంక చూడలా. “నువ్వో?”

“నాకూ మోకాలే పిన్నీ.”

పక్కన వీరాంజనేయులు బాబాయ్ పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది. “షుగర్ టెస్టమ్మాయ్, ఊరికే” అన్నాడు పేపరు వెనకనించి. అంతలో పంతులుగారు లోపలికొచ్చి, మమ్మల్ని చూసి గుమ్మంలో వెనక్కి తిరగబోయి, మళ్ళీ ఇటే తిరిగారు. “డాక్టరమ్మకి కొత్త పంచాంగం ఇచ్చిపోదామని” అన్నారు. చేతిలో పంచాంగం లేదు. ఆయన వెనకాలే మా పై పోర్షన్ వాళ్ళిద్దరూ. ఆ అమ్మాయి కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నయ్. గోడ మీద పళ్ళు తోముకునే బొమ్మ ఉంటే ఆరుగురం దాన్నే చూస్తా కూర్చున్నాం.

ఒక్కొక్కరినే పిలిచి, ఒక్కో చిన్న సీసా ఇచ్చింది ల్యాబ్ అమ్మాయి. ఒక్కొక్కరం లోపలికి పోయాం, సీసాని చేతిరుమాల్లో చుట్టుకుని బయటికొచ్చాం. కాసేపటికి ఆ అమ్మాయి ట్రే పట్టుకుని మా ముందునించే డాక్టరమ్మ గదిలోకి పోయింది. ఆరు సీసాలు. ఆరూ ఒకే రంగు! వరసగా! అప్పుడు చూసుకున్నాం ఒకరి మొహాలు ఒకరం.

“పిన్నీ, మోకాలన్నావ్?”

“నువ్వూ మోకాలేగా అన్నది!”

డాక్టరమ్మ మా ఆరుగురినీ ఒకేసారి లోపలికి పిలిచింది. కుర్చీలు చాలక మగాళ్ళు నిలబడ్డారు.

“మీరంతా ఒకే వీధి వాళ్ళా? నిన్న అందరూ కలిసి ఏమన్నా తిన్నారా, తాగారా?”

“మా శారద రోజ్ మిల్క్ చేసిందమ్మా” అన్నాడు బాబాయ్. “నేను నాలుగు తాగా.”

“హల్వా కూడా” అన్నారు పంతులుగారు.

డాక్టరమ్మ నా వంక తిరిగింది. “ఏం కలర్ వేశావమ్మా?”

నాకు అప్పుడు వెలిగింది! ఆ గదిలో, ఆ ట్రే ముందు నిలబడ్డాక వెలిగింది. బీట్‌రూట్!

నేను నోరు తెరిచేలోపే పిన్ని అందుకుంది. “కలరేందమ్మా! నాటు గులాబీలు. వాళ్ళమ్మ పంపింది. రాత్రంతా నానబెట్టి తీసింది.”

“గులాబీ రేకులకి ఇంత రంగు రాదు” అంది డాక్టరమ్మ. “చవగ్గా వస్తదని బజార్లో ఏదన్నా పొడి కొన్నావా? బట్టలకేసే రంగులు కూడా కలిపి అమ్ముతారు. ఏ కొట్లో కొన్నావో చెప్పు, భయపడకు. వీళ్ళందరికీ ముందు కిడ్నీ టెస్టులు రాస్తా, స్కానింగ్ కూడా తీయించాలి.”

స్కానింగ్ అనంగానే బాబాయ్ గోడకి ఆనుకున్నాడు. పై పోర్షన్ అమ్మాయి మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది. పిన్నికి కోపం వచ్చింది, డాక్టరమ్మ మీద!

“మా శారద అట్టాంటిది కాదమ్మా. పొడులూ గిడులూ కలిపే మనిషి కాదు. ఆ గులాబీలు నేను కళ్ళారా చూశా!”

చూడలా. ఎక్కడ చూసింది? నన్ను కాపాడటానికి పిన్ని నా అబద్ధం మీద ఇంకో అబద్ధం వేసింది. ఆమెకి కూడా భయమే, అయినా నా ముందు నిలబడింది. డాక్టరమ్మ అడిగితే ఇంకాసేపు బిగపట్టేదాన్నేమో గానీ, పిన్ని ఆ మాటన్నాక నా వల్ల కాలేదు.

“బీట్‌రూటండి” అన్నా.

“ఏంటి?”

“బీట్‌రూటండి. గులాబీలు లేవు. రోజ్ మిల్క్ బీట్‌రూట్ రసమే. హల్వా బీట్‌రూట్ పిప్పి. గోరింటాకు కూడా బీట్‌రూటే.”

డాక్టరమ్మ ట్రే వంక చూసింది, నా వంక చూసింది, పెన్ను పక్కన పెట్టి నవ్వటం మొదలుపెట్టింది. కళ్ళెంట నీళ్ళు తుడుచుకుంటా చెప్పింది, ఎక్కువ బీట్‌రూట్ తింటే కొంతమందికి ఇట్టా అయిద్దంట, ఒంట్లో రక్తం తక్కువున్న వాళ్ళలో ఇంకా ఎక్కువ కనపడిద్దంట, రేపటికి అదే పోయిద్దంట. స్కానింగులు రాసిన కాయితం చింపేసింది. ఆడవాళ్ళం ముగ్గురికీ రక్తం పరీక్ష చేయించుకోమని మాత్రం రాసింది.

“ప్రాణం లేచొచ్చింది” అన్నారు పంతులుగారు. ఆ వెంటనే, “మడిగానే చేశావా తల్లీ, కనీసం?” అన్నారు.

బాబాయ్ మాత్రం కదలకుండా నిలబడ్డాడు. “అంటే... నేను తాగింది బీట్‌రూటా? నాలుగు గ్లాసులా?” ఆయనకి కిడ్నీ బాగున్నందుకు సంతోషం లేదు. ఆ మొహం చూస్తే స్కానింగే నయమన్నట్టుంది.

పిన్ని నాతో మాట్లాడకుండా ముందు నడిచింది. సందు మలుపులో అందుకున్నా. “పిన్నీ, తప్పయింది.” ఆమె ఆగి, “బీట్‌రూట్ అని నాకు చెప్తే నేను తాగనంటానా? నీతో పాటు కూర్చుని తురిమేదాన్ని కదే!” అంది. కొట్టినా అంత బాధ ఉండదు. అంతలో ఫోన్ మోగింది. మా ఆయన, కోల్డ్ స్టోరేజీ నించి.

“శారదా, ఎక్కడున్నావ్? అమ్మ పొద్దున ఆరున్నరకే అక్కకీ చెల్లికీ ఫోన్ చేసి, ఆఖరిసారి వచ్చి చూసిపొమ్మందంట. ఇద్దరూ ఏడ్చుకుంటా బస్సెక్కారు! ఏమయింది అమ్మకి?”

వద్దన్న కాఫీ! నాకు అప్పుడు తెలిసింది. రెండు గ్లాసులు తాగింది ఆమె, హల్వా రెండుసార్లు పెట్టించుకుంది. నేను నా ప్రాణం గురించి ఆస్పత్రికి పరిగెత్తా, ఆమె గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. ఇంటికి ఎట్టా పోయానో నాకు తెలియదు.

అత్తయ్య ఉగాది కొత్త చీర కట్టుకుని, నుదుటిన విభూతి పెట్టుకుని, మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది.

“అత్తయ్యా...”

“తలుపెయ్. ఇట్టా కూర్చో. మాట్లాడమాక, నన్ను చెప్పనీ.” గొంతు సన్నగా ఉంది. “నా పని అయిపోయిందే. వాడికి చెప్పమాక, ఏడుస్తాడు. పంతులు నిన్ననే చెప్పాడు.”

“అత్తయ్యా, అది కాదు...”

“నన్ను చెప్పనీ అంటంటే!” దిండు కింద కొబ్బరి నూనె సీసా పెట్టుకుంది. చేతికున్న రెండు బంగారు గాజుల్లో ఒకటి తీసి, నా చెయ్యి లాక్కుని, నూనె రాసి, ఎముకలు పటపటమంటా ఉంటే తోసేసింది. “నా కూతుళ్ళొస్తే పంచుకుంటారు, అప్పుడు నీకేం మిగలదు. ఇది నీది. పద్దెనిమిదేళ్ళ నించీ చూస్తున్నా. నా కడుపున పుట్టిన వాళ్ళు చెయ్యలా, నువ్వు చేశావు. నీ చేతి పప్పుచారు లాంటిది మా అమ్మ కూడా పెట్టలేదే నాకు. చెప్తే నెత్తికెక్కుతావని చెప్పలా.”

చూడండి, ఇక్కడ నేను ఒక తప్పు చేశా. ఆ క్షణంలోనే చెప్పెయ్యాలి. నోటి దాకా వచ్చింది కూడా. కానీ పద్దెనిమిదేళ్ళు! ఇంకొక్క మాట అంటదేమో, విని చెబుదాం అనుకున్నా. గోంగూర పచ్చడి గురించి ఏమన్నా అంటదేమోనని ఆగా. సిగ్గులేకుండా ఆగా!

ఆమె గోంగూర సంగతి ఎత్తలా. నా చెయ్యి వదలకుండా, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. “నొప్పి ఉంటదంటావా, శారదా?”

ఇంక నేను ఏడ్చేశా. “మీకేం కాలేదు అత్తయ్యా! బీట్‌రూట్! నిన్న మీరు తాగింది బీట్‌రూట్. నాకూ అట్టానే అయింది, పిన్నికీ అట్టానే అయింది, పంచాంగం చదివిన పంతులుగారికి కూడా అట్టానే అయింది! ఆరుగురం డాక్టరమ్మ దగ్గరికి పోయొచ్చాం!”

అత్తయ్య లేచి కూర్చుంది.

“అయితే ఏం లేదా నాకు?”

“ఏం లేదు. రేపటికి పోయిద్ది.”

“హల్వా?”

“దాని పిప్పే.”

విభూతి తుడుచుకుంది. “ఇందాక నేనన్న మాటలు ఒంట్లో బాగాలేక అన్నవి. పట్టించుకోమాక. గాజిటియ్యి.”

ఇద్దామనే తిప్పా. రాలా! ఆమె సన్నటి మనిషి, నావి బీట్‌రూట్ సంచీ మోసిన చేతులు. ఎక్కటమైతే ఎక్కింది గానీ దిగనంటది. నూనె రాసింది, రాలేదు. బాత్‌రూమ్ దగ్గరికి లాక్కుపోయి సబ్బు రుద్దింది. నేను గుమ్మం పట్టుకున్నా, ఆమె రెండు చేతులతో గాజు పట్టుకుని కాలు గోడకి తన్నిపెట్టి లాగుతా ఉంది. నేను “అమ్మా! చచ్చాను!” అని అరిచా.

సరిగ్గా ఆ అరుపుకి తలుపు తోసుకుని మా ఆడబిడ్డలిద్దరూ వచ్చారు. పెద్దామె వినుకొండ నించి, చిన్నది దాచేపల్లి నించి. దారి పొడుగునా ఏడ్చి ఏడ్చి వచ్చారు. అమ్మ ఆఖరి చూపుకని వస్తే, అమ్మ చేతిగాజు వదిన చేతికుంది, వదిన నురగలో ఉంది, అమ్మ ఆ గాజు కోసం పెనుగులాడుతా ఉంది!

“వదినా!” అని కేక పెట్టింది చిన్నది. “అమ్మ చావుబతుకుల్లో ఉంటే గాజు లాక్కుంటున్నావా!”

“నేను లాక్కోవటం కాదమ్మాయ్, ఆమే లాక్కుంటంది!”

“ఒంట్లో బాగాలేని మనిషితో ఏందే ఈ పని, శారదా?” అంది పెద్దామె, సంచీ కింద పడేసి.

“బాగానే ఉంది! ఆమెకేం లేదు! కావాలంటే ఆమెనే అడుగు వదినా!”

ఇద్దరూ అత్తయ్య వంక తిరిగారు. నేనూ తిరిగా. ఒక్క మాట చెప్తే అయిపోయిద్ది. అత్తయ్య ఏం చేసిందనుకున్నారు? వాళ్ళ ఏడుపు మొహాలు చూసింది, పండగ మర్నాడు పనులు మానుకుని పరిగెత్తుకొచ్చిన కూతుళ్ళని చూసింది, నన్ను చూసింది. మెల్లగా పోయి మంచం మీద పడుకుని, “నీరసంగా ఉందమ్మా” అంది!

ఆ పూటంతా ఒకామె కాళ్ళు పట్టింది, ఇంకొకామె బత్తాయి రసం తీసింది. నేను మంచం చుట్టూ తిరిగి బీట్‌రూట్ కథ మూడుసార్లు చెప్పా, ఒక్కరన్నా నమ్మితే ఒట్టు. సాయంత్రానికి కోటేశ్వరమ్మ పిన్ని వచ్చి చెప్పాక నమ్మారు. పిన్ని నాతో ఇంకా మాట్లాడటం లేదు, అయినా నా తరఫున వాళ్ళకి చెప్పటానికి వచ్చింది. పోయేటప్పుడు గుమ్మంలో ఆగి, “రేపు అప్పడాలు ఒత్తుతున్నా, చేతులు ఖాళీగుంటే రా” అంది. అంటే మాట్లాడినట్టే కదా?

ఇదుగో, గాజు. చూడండి, ఇప్పటికీ రాలా. కంసాలి దగ్గరికి కూడా పోయాం, అత్తాకోడళ్ళం ఇద్దరం. “కోసి తీస్తానమ్మా, మళ్ళీ అతికిస్తా. కాస్త తరుగు పోయిద్ది” అన్నాడు. తరుగు అనంగానే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని అక్కణ్ణించి లేపుకొచ్చింది. “ఉండనీ. నువ్వు చిక్కినాక తీసుకుంటాలే” అంది.

ఆ రోజు నించీ నాకు అన్నం ఆమే వడ్డిస్తంది, ఒక్క గరిటె. మారు అడిగితే, “చాల్లే” అంటది. ప్రతి సాయంత్రం అరుగు మీద నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, గాజు అటూ ఇటూ తిప్పి చూసుద్ది. వీధిలో పోయే వాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు. నిన్న వెనక వీధి డాక్టరుగారి భార్య మా ఇద్దరినీ చూపించి వాళ్ళ కోడలికి చెప్తంది, “చూడు, అత్తాకోడళ్ళంటే అట్టా ఉండాలి” అని.